ముడుపు కట్టిన డబ్బా

సోమవారం పొద్దున లేస్తూనే సోమమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరు గంటలకల్లా ఇడ్లీ బండిని వజ్రధార మందుల ఫ్యాక్టరీ గేటు ముందుకు తోలాలి. మూడు రోజుల పాటు ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా వచ్చినవాళ్లందరికీ కడుపు నిండా ఇడ్లీ పెట్టాలి. నాలుగో రోజు నుంచి మామూలుగా అమ్ముకోవాలి. అంతే. ఈ ప్లానులో హైదరాబాదు లేదు, బొంబాయి లేదు, షేర్ మార్కెట్టు అసలే లేదు.

మొక్కు పోచమ్మది. సోమమ్మ కూతురు రవళి ఆ ఫ్యాక్టరీలోనే, మందుల నాణ్యత చూసే ల్యాబులో, ఏడాదిన్నరగా ట్రైనీగా పనిచేస్తోంది. ఆమెను పర్మినెంటు చేసే కాగితం శుక్రవారం రావాలి. రాకపోతే ట్రైనింగు గడువు అయిపోయినట్టే. తెల్ల కోటు మడతపెట్టి ఇంటికి రావాల్సిందే. భర్త పోయాక పదేళ్లుగా ఇడ్లీ పొయ్యి దగ్గర నిలబడి సోమమ్మ చదివించిన చదువు అది.

కోరిక తీరాక మొక్కు చెల్లించడం అందరూ చేసే పని. సోమమ్మకు దాంట్లో చేదు అనుభవం ఉంది. వెనకటికి బర్రె ఈనితే కోడినిస్తానని మొక్కి, ఈనాక ఇవాళ రేపు అంటూ జరిపితే, ఆ బర్రె నెల రోజులు పాలు చేపలేదు. అందుకే ఈసారి ఆదివారం నాడే పోచమ్మ ముందు నిలబడి చెప్పేసింది.

"కాజీపల్లిల రేకుల రూము కిరాయికి కావాల్నంటెనే మూడు నెలల అడ్వాన్సు అడుగుతుండ్రు. నీకు మూడొద్దుల అడ్వాన్సన్న ఇయ్యొద్దా తల్లీ? నీ పేరు మీద మంది కడుపు నింపుత. నా బిడ్డ కాయితం నా కండ్ల సూపియ్యి."

ఇలాంటి మొక్కుకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఎందుకు మొక్కిందో కోరిక తీరేదాకా నోటితో చెప్పకూడదు. పసుపు గుడ్డలో పైసలు ముడుపు కట్టి పెట్టాలి. కోరిక తీరేదాకా ఆ ముడి విప్పకూడదు. ముడుపు కడదామని పైసల కోసం వెతికితే ఇంట్లో రూపాయి బిళ్ల కూడా దొరకలేదు. ఈ రోజుల్లో బిళ్లలు ఎవరిస్తున్నారు? వచ్చిన ప్రతి కార్మికుడూ ఫోను చూపించి పోతున్నాడు. సోమమ్మ సంపాదనంతా బండి మీది డబ్బాలోనే ఉంది. కాసేపు ఆలోచించి, ఆ డబ్బానే పసుపు గుడ్డలో పెట్టి, మూడు ముళ్లు వేసి, కుంకుమ బొట్టు పెట్టింది.

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. ఎనిమిది నెలల కింద గుమ్మడిదల పిల్ల నిషిత స్కూటీ మీద వచ్చి దాన్ని బండికి బిగించింది. తంగేడు పువ్వు రంగు, అరచేతిలో పట్టేంత. ఫోను చూపించాల్సిన నలుపు తెలుపు గళ్ల బొమ్మ దాని మొహం మీదే ఉంటుంది. ఎవరైనా డబ్బు పంపగానే, "తంగేడు ద్వారా ముప్పై రూపాయలు అందినవి" అని తెలుగులో పలుకుతుంది. మొదటిసారి అది పలికినప్పుడు సోమమ్మ బండి చుట్టూ తిరిగి చూసింది, అడుగున ఎవరైనా కూర్చున్నారేమోనని.

"గిది మా కంపెనీది పెద్దమ్మా. తంగేడు అసెట్ మేనేజ్‌మెంట్," అంది నిషిత ఆ రోజు. "మాది రెండు చేతుల పని. ఒక చేత్తోని మంది పైసలు జమ చేసి పెద్ద పెద్ద కంపెనీలల్ల పెడ్తం. ఇంకో చేత్తోని గిసొంటి డబ్బాలు తయారు చేసి నీ అసొంటోళ్లకు ఇస్తం. నీకు ఇష్టముంటె దినాం పది రూపాయలు డబ్బాలకెల్లి తీసి ఫండుల ఏస్తం. ఆ ఫండుల నలభై కంపెనీల ముక్కలుంటయ్. అండ్ల నీది గూడ ఒక పిసరు."

"ఏ కంపెనీలు బిడ్డ?"

"శానా ఉంటయ్. నీ ఎదురుంగున్న వజ్రధార గూడ ఉన్నది."

సోమమ్మ గరిటె పట్టుకుని ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని కింది నుంచి పైదాకా చూసింది. తన పిసరు అందులో ఎక్కడుందో తెలియలేదు గాని ఒళ్లు జల్లుమంది. ఆనాటి నుంచి గొట్టంలోంచి పొగ ఎక్కువ వచ్చిన రోజు సంతోషించాలో దగ్గాలో ఆమెకు పాలుపోలేదు.

ఫోనులో షరతులకు ఒప్పుకుంటున్నట్టు వేలు పెట్టమంది నిషిత. సోమమ్మ యాభై దాటాక కూతురి దగ్గర అక్షరాలు నేర్చుకుంది. "సదువు రానప్పుడు ఏడ వెట్టుమంటె ఆడ ఏలు వెట్టిన. ఇప్పుడు సదివినంకనే," అని మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఫోను తెర ఆరిపోయింది. వెలిగిస్తే మళ్లీ మొదటికొచ్చింది. నాలుగుసార్లు ఇలా అయ్యాక, "ఏం లేదు పెద్దమ్మా, అందరు ఒప్పుకున్నదే," అంది నిషిత. సోమమ్మ ఒప్పుకుంది. పేర్లు లేకుండా అమ్మకాల లెక్క మాత్రం కంపెనీ చూసుకోవచ్చన్న పదిహేడో షరతు అప్పటికి తెర మీదికి రానేలేదు.

సోమవారం ఏడింటికి రాత్రి షిఫ్టు వదిలారు. మొదట వచ్చిన ఒడిశా కుర్రవాడు నాలుగు ఇడ్లీలు తిని ఫోను తీశాడు. డబ్బా ఉండాల్సిన చోట పసుపు మూట ఉంది.

"అమ్మా, పైసా?"

"ఆజ్ పైసా నక్కో. ఖాలీ ఖావ్," అంది సోమమ్మ.

"క్యూఁ?"

"గది అడగొద్దు. ఖావ్ బేటా, ఔర్ దో లే."

అరగంటలో ఈ మాట రెండు షిఫ్టులకూ పాకింది. పక్కన దోసె బండి పాండు పెనం మీద నీళ్లు చల్లి చల్లి అలసిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, నువ్వు ఫ్రీగ పెడ్తె నా దోసెలు నీ ఫ్యాక్టరీ కుక్కలు తింటయా?"

"మొక్కు తమ్మీ. మూడొద్దులే."

"దేని మొక్కు?"

"చెప్పొద్దు."

పాండు తల గోక్కున్నాడు. "మూడొద్దులంటివా? ఐతే నేను అత్తగారింటికి పోయొస్త. ఆరు నెలలాయె పోక, మా ఆమె రోజు దెప్పుతుంది." బండికి తాళం వేసి పోయాడు. పూరీల ప్రేమలత కూడా, ఎప్పటి నుంచో సలుపుతున్న పన్ను పీకించుకుందామని సంగారెడ్డి బస్సెక్కింది. అలా గేటు ముందున్న మూడు తంగేడు డబ్బాలూ ఒకే పూట మూగబోయాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో సోమమ్మకు గురువారం దాకా తెలియదు. తెలిశాక మాత్రం, ముక్కు మీద వేలు చాలాసేపు తీయలేదు.

హైదరాబాదులో, అద్దాల మేడ ఏడో అంతస్తులో, తంగేడు వాళ్ల మిషను ఒకటుంది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న ఫ్యాక్టరీ గేట్ల ముందు ఇడ్లీ, ఛాయ్, పాన్ బండ్ల మీది డబ్బాలు ఏం పలికినా అది వింటుంది. ఇడ్లీలు పెరిగితే షిఫ్టులు పెరిగినట్టు. షిఫ్టులు పెరిగితే సరుకు పెరిగినట్టు. అలాంటి కంపెనీ ముక్కలు అది కొంటుంది; ఇడ్లీలు తగ్గిన కంపెనీ ముక్కలు అమ్ముతుంది. కంపెనీ తన లెక్క మూడు నెలలకోసారి చెబుతుంది. కార్మికుడి ఆకలి రోజుకు మూడుసార్లు చెబుతుంది. నిషిత చెప్పిన రెండు చేతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది అక్కడే.

సోమవారం మధ్యాహ్నానికి ఆ మిషను తెర మీద వజ్రధార గేటు దగ్గర ఎర్ర చుక్క వెలిగింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే శ్రావణ్‌కుమార్ అనే కుర్ర ఆఫీసరు, ఆ వారం జహీరాబాదులో డ్యూటీ మీద ఉన్న నిషితకు ఫోను చేశాడు. "వజ్రధార బందైందా ఏంది? కనుక్కో." నిషిత గేటు దగ్గరి వాచ్‌మన్ నర్సింహకు ఫోను చేసింది. నర్సింహ మంచి మనిషి. గేటున్న జాగా ఒకప్పుడు ఆయన జొన్న చేనే. అందుకే కావలి కాయడం ఆయనకు ఉద్యోగం కన్నా ఎక్కువ.

"కాకా, ఫ్యాక్టరీ నడుస్తుందా?"

"నీకెందుకు?"

"ఊకెనే. నడుస్తుందా లేదా?"

"లోపటి ముచ్చట బయటోళ్లకు చెప్పొద్దని మాకు ఆర్డరుంది."

"నడుస్తుందని చెప్పుడు గూడ లోపటి ముచ్చటేనా?"

"అది లోపటి ముచ్చటేనా కాదా అన్నది గూడ లోపటి ముచ్చటే," అని నర్సింహ ఫోను పెట్టేశాడు.

నిషిత సోమమ్మకు చేసింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కి, రెండు చేతులా ఇడ్లీ రేకులు తీస్తూ సోమమ్మ మాట్లాడింది.

"పెద్దమ్మా, డబ్బ ఎందుకు బందు వెట్టినవ్? అక్కడ ఏమైంది?"

"గది నోటితోని చెప్పొద్దు బిడ్డ."

"ఎందుకు చెప్పొద్దు? ఎవలన్న బెదిరిచ్చిండ్రా?"

"బెదిరిచ్చుడేంది? చెప్తె మంచిగ కాదు. శుక్రారం దాక ఆగు. శుక్రారం అంత బయట పడ్తది."

నిషిత ఈ రెండు సంభాషణలనూ ఉన్నవి ఉన్నట్టు శ్రావణ్‌కుమార్‌కు చెప్పింది. అతను ఉన్నవి ఉన్నట్టు ఇలా రాసుకున్నాడు: గేటు దగ్గర గోప్యత పాటిస్తున్నారు, స్థానికులు మాట్లాడటానికి భయపడుతున్నారు, శుక్రవారం ఏదో పెద్ద విషయం బయటపడనుంది.

మిషనుకు ఒక నియమం ఉంది. గేటు ఒక రోజు మూగబోతే అనుమానం. రెండో రోజు కూడా మూగబోతే నమ్మకం. మంగళవారం మధ్యాహ్నం అది వజ్రధార ముక్కలన్నీ అమ్మేసింది. ఆపే అధికారం శ్రావణ్‌కుమార్‌కు ఉంది గాని, తను రాసుకున్న మూడు వాక్యాలు చదువుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తంగేడు అమ్ముతోందని చూసి మరో ఇద్దరు అమ్మారు. వాళ్లను చూసి పదిమంది. సాయంత్రానికి వజ్రధార ధర మెట్లు దిగుతూ పోయింది.

బుధవారం పొద్దున బొంబాయిలో ఉన్న యజమానులు ఫ్యాక్టరీ ఆఫీసరు నరసరాజుకు ఫోను చేశారు. ఉద్యోగాల కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. భీమవరం వైపు మనిషి, నిదానస్తుడు, రూలు తప్పి తుమ్మడు కూడా. అక్కడ ఏం మూతపడిందని వాళ్లు అడిగారు. "ఏవీ మూతపడలేదండీ," అన్నాడు. నమ్మలేదు. రుజువుగా వీడియో తీసి పంపమన్నారు. నరసరాజు ఫోను పట్టుకుని లోపల చూస్తే మిషన్ల దగ్గర నలుగురు తప్ప ఎవరూ లేరు. అది టిఫిను వేళ. కార్మికులుంటేనే కదా ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు రుజువు అనుకుని మేడ మీదికెక్కి గేటు వైపు తీశాడు.

అప్పటికి ఉచిత ఇడ్లీల కబురు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకూ చేరింది. గేటు బయట మూడు వందల మంది. ఒకరి మీద ఒకరు పడి చేతులెత్తి "అమ్మా, ఇధర్! ఇధర్!" అంటున్నారు. వరుస సరిచేయడానికి నర్సింహ లాఠీ పట్టుకుని అటూ ఇటూ ఉరుకుతున్నాడు. మేడ మీద గాలి హోరుకు ఆ మాటలేవీ వీడియోలో పడలేదు. పనివాళ్లంతా గేటు బయట, ఎత్తిన చేతులు, లాఠీ, ఉరుకుడు. అది చూసి బొంబాయి వాళ్లు మంచినీళ్లు తాగారు. సమ్మె సంగతి తేలి, మార్కెట్టు కుదుటపడేదాకా కొత్తగా ఒక్కరికి కూడా ఉద్యోగ కాగితం ఇవ్వొద్దని నరసరాజుకు ఆర్డరు పంపారు.

ఆ సాయంత్రం రవళి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూలబడింది.

"అమ్మా, నా కాయితం ఆపిండ్రు."

సోమమ్మ పప్పు చెంబు కింద పెట్టింది. "ఎవలాపిండ్రు?"

"సంతకం గూడ అయింది. ఫైలుల ఉంది. ఫ్యాక్టరీ బందైందని హైదరాబాదుల ఎవలో మిషనుకు చెప్పిండ్రట. మార్కెట్ల కంపెనీ పడిపోయిందట. ఇగ ఎవలకు నౌకరీ ఇయ్యరట."

"నడుస్తున్న ఫ్యాక్టరీని బందైందని చెప్పినోడెవడే?"

"ఏమో. గేటు కాడికెల్లే పోయిందంటుండ్రు కబురు."

సోమమ్మ కొంగు బిగించి వాకిట్లోకి వచ్చింది. ఎవరో తెలియని ఆ మనిషిని గంటసేపు తిట్టింది. వాడి పొయ్యిలో పిల్లి పండాలని, వాడి పిండి పులవకూడదని, వాడి ఇడ్లీ గిన్నె అడుగంటాలని తిట్టింది. మధ్యలో రవళి, "అమ్మా, ఆడు ఇడ్లీలు చేస్తడని నీకెట్ల తెలుసు?" అంది. "నాకు వచ్చిన తిట్లు తిడుతున్న, నువ్వుండు," అంది సోమమ్మ. తర్వాత లోపలికి వచ్చి గోడకు ఆనుకుంది. అడ్వాన్సు తీసుకున్నాక కూడా మాట తప్పే ఇంటి ఓనర్లను చూసింది గాని, పోచమ్మ అలాంటిది కాదని ఆమె నమ్మకం.

గురువారం పొద్దున బండి గేటు దగ్గరికి తోలింది. మొక్కు రోజులు అయిపోయాయి కాబట్టి అమ్మకమే. కాగితం రాలేదు కాబట్టి ముడుపు విప్పేది లేదు. అంటే జేబులో నోట్లున్నవాళ్లకే ఇడ్లీ. ఎవరి జేబులోనూ నోట్లు లేవు. అత్తగారింట్లో పాండుకు మూడొద్దులు నాలుగొద్దులయ్యాయి. ప్రేమలత బుగ్గ ఇంకా దిగలేదు. గేటు ముందు పిట్ట మనిషి లేడు.

తొమ్మిదింటికి తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. మూతపడ్డ ఫ్యాక్టరీని కళ్లారా చూద్దామని వచ్చిన శ్రావణ్‌కుమార్ ముందు దిగి, పొగగొట్టం వైపు చూశాడు. పొగ దర్జాగా వస్తోంది. సరుకు లారీ ఒకటి బయటికి పోయింది, ఇంకోటి లోపలికి పోయింది. అతని నోరు తెరుచుకుంది. వెనకే దిగిన నిషిత బండి మీది పసుపు మూటను చూసింది. మూటకు బొట్టుంది.

"పెద్దమ్మా, గీ మూటల ఏముంది?"

"నీ డబ్బనే. ముడుపు కట్టిన."

నిషిత బండి చక్రం పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

కారు చూసి నరసరాజు గేటు బయటికి వచ్చాడు. నిషిత సోమమ్మకు చెప్పింది, సోమమ్మ నర్సింహకు చెప్పింది, నర్సింహ మొదటిసారిగా ఆర్డరు పక్కన పెట్టి అందరికీ చెప్పాడు. పావుగంటలో మూడు రోజుల కథ ముక్కలు ముక్కలుగా ఒక దగ్గరికి చేరింది. చివరి ముక్క పడగానే సోమమ్మకు నిన్న సాయంత్రం తను తిట్టిన తిట్లన్నీ వరుసగా గుర్తొచ్చాయి. చటుక్కున మూత తీసి ఇడ్లీ గిన్నె అడుగు చూసుకుంది.

"నా ఇడ్లీలు సూసి మిషను గింత పని చేసిందా సారూ?" అంది, కోపంగా కాదు, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

శ్రావణ్‌కుమార్ చేతిలోని పలక లాంటి తెరను ఆమె ముందుకు తిప్పాడు. దాని మీద గట్లూ గుంతలుగా ఒక గీత ఉంది. "ఇది మీ గేటు గీత అమ్మా. ఎనిమిది నెలలది. మాకు గీతనే కనబడుతది, ఎందుకు లేచిందో, ఎందుకు పడిందో తెల్వది. ఇగో, ఈ గుంత ఏంది?"

సోమమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, గీత మీద వేలు పెట్టింది. ఎవరూ నేర్పకుండానే అది ఆమెకు చదవొచ్చింది.

"గిది శివరాత్రి. అందరు ఒక్కపొద్దు. గీ గడ్డ, లోపట బాయిలరు ఖరాబై క్యాంటీను బందు పెట్టిన దినం."

"ఆ సంగతి బయటికి చెప్పకూడదమ్మా," అన్నాడు నరసరాజు కంగారుగా.

"గిక్కడికెల్లి రెండో షిఫ్టుకు ఒడిశా పోరగాండ్లు దిగిండ్రు. ఇడ్లీల మీద చెక్కెర అడిగేటోళ్లు ఆళ్లే." వేలు ఇంకొంచెం జరిగి ఒక చిన్న గుంత దగ్గర ఆగింది. "గిది మా ఆయన తద్దినం. నేను బండి తియ్యలే."

శ్రావణ్‌కుమార్ ఆ తెరను, ఆమె వేలినీ మార్చి మార్చి చూశాడు. ఏడో అంతస్తులో ఆ చిన్న గుంత మీద రెండు రోజులు మీటింగు జరిగిందని అతను చెప్పలేదు. సోమమ్మ మాత్రం అనుకుంది: ఊరి పొలిమేరలో కూర్చుని ఎవరు పోయారో ఎవరొచ్చారో చూసే పోచమ్మ ఒక్కతే అనుకున్నాను, పైన ఇంకొకరు కూడా కూర్చున్నారన్నమాట.

నర్సింహ గొంతు సవరించుకున్నాడు. "అంటే చెల్లె, గీ కంపెనీల నీకు గూడ ముక్క ఉన్నదా?"

"ఉండె అన్నా. మంగళారం నాడు నా ఇడ్లీలు సూసి నా ముక్క నేనే అమ్ముకున్న."

నర్సింహ లాఠీని ఎందుకైనా మంచిదని వీపు వెనక పెట్టుకున్నాడు.

"సరే, ఇప్పుడు డబ్బా విప్పండి," అన్నాడు శ్రావణ్‌కుమార్. "డబ్బా పలికితె మిషనుకు సమజైతది. అన్ని సెట్ అయితయ్."

"విప్పరాదు సారూ. బిడ్డ కాయితం వచ్చినంకనే." చెప్పకూడని మాట చెప్పక తప్పనందుకు పోచమ్మను తలుచుకుని చెంపలు వేసుకుంది.

శ్రావణ్‌కుమార్ నరసరాజు వైపు తిరిగాడు. "మీరు కాయితం ఇచ్చేయండి సర్."

"ఎలా ఇస్తానండీ? మార్కెట్టు కుదుటపడేదాకా ఇవ్వొద్దని బొంబాయి ఆర్డరు. మీ మిషను మళ్లీ కొంటేనే కదా కుదుటపడేది!"

"డబ్బా పలకకుంటె మిషను కొనది."

"కాయితం రాకుంటె డబ్బ పలుకది," అంది సోమమ్మ.

కొత్త డబ్బా తెద్దామంటే పేరెక్కడానికి రెండు రోజులు పడుతుందంది నిషిత. మనిషి చేత్తో నేరుగా కొందామంటే, మిషను సొంతంగా అమ్మిన దాన్ని మనిషి కొనాలంటే ఏడుగురి సంతకాలు కావాలన్నాడు శ్రావణ్‌కుమార్. ముడి విప్పకుండా గుడ్డకు చిల్లు పెడదామా అన్నాడు నరసరాజు. సోమమ్మ చూసిన చూపుకు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. లోపల ల్యాబు కిటికీ దగ్గర రవళి తెల్ల కోటులో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆమె ఉద్యోగం ఇప్పుడు మూడు ముళ్ల మధ్య ఉంది.

దారి చూపించింది నర్సింహ. ముప్పై ఏళ్లుగా గేటు దగ్గర ఏది లోపలికి వచ్చినట్టు, ఏది రానట్టు అని తేల్చడమే ఆయన పని.

"చెల్లె, నువ్వు తల్లిని ఏమని అడిగినవ్? కాయితం చేతికియ్యమన్నవా?"

సోమమ్మ కళ్లు మూసుకుని ఆదివారాన్ని గుర్తు తెచ్చుకుంది. "లే. నా కండ్ల సూపియ్యి అన్న."

"ఐతే ఇచ్చుడెందుకు? సూపిస్తె అయిపాయె కదా!"

నరసరాజు రూలు పుస్తకం మనసులోనే తిరగేశాడు. ఇవ్వొద్దన్నారు. చూపించొద్దనలేదు. లోపలికి పరుగెత్తి, ఆయన పరుగెత్తడం అంతకుముందు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు, ఫైలు పట్టుకొచ్చాడు. గేటుకు అవతలే నిలబడి, కాగితం తన చేతిలోనే గట్టిగా పట్టుకుని, ఊచల మధ్య నుంచి చూపించాడు.

"చూడండమ్మా. అయిందా?"

"ఉండు సారూ. సదువద్దా?"

సోమమ్మ చదవడం మొదలుపెట్టింది. కాగితం పైసగం ఇంగ్లీషు, కిందిసగం తెలుగు. వేలు ఊచల్లోంచి పోనిచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. శ్రావణ్‌కుమార్ గడియారం చూసుకున్నాడు. మార్కెట్టు తెరిచి గంట దాటింది. బొంబాయి నుంచి నరసరాజు జేబులో ఫోను మోగుతోంది. కాగితం వదల్లేక ఆయన తీయలేదు. "నియా... నియామ... నియామక." ఈసారి తెర ఆరిపోలేదు. కాగితానికి ఆ గుణం ఉంది. "కుమారి... రవళి." ఆ పేరు దగ్గర ఆమె మరోసారి వెనక్కి వెళ్లి చదివింది, తప్పు చదివి కాదు. ఆఖరి చుక్క దాకా చదివి, రెండు చేతులూ జోడించి పొలిమేర వైపు తిరిగి దండం పెట్టి, మూడు ముళ్లూ విప్పింది.

డబ్బా కళ్లు తెరిచింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"బ్యాటరీ తక్కువగా ఉన్నది," అని పలికింది.

నర్సింహ తన గదిలోంచి వైరు లాక్కొచ్చాడు. శ్రావణ్‌కుమార్ అందరికన్నా ముందు రెండు ఇడ్లీలు తిని డబ్బు పంపాడు. నరసరాజు సైరను కొట్టించి టిఫిను గంట మళ్లీ ఇప్పించాడు. మూడు రోజులు ఉచితంగా తిన్న మొహమాటం కార్మికులందరికీ ఉంది, ఉరికొచ్చారు. డబ్బా ముప్పై అంది, నలభై అంది, ముప్పై అంది, ఇరవై అంది, ఊపిరి తీసుకోకుండా అరుస్తూనే ఉంది. శ్రావణ్‌కుమార్ తెర మీద గీత పడుకున్న చోటు నుంచి కదిలి, మోకాళ్ల మీద లేచి, నిలబడింది. సోమమ్మ గరిటె ఆపి దాన్ని చూసింది. తను ఇక్కడ ఒక ఇడ్లీ తీస్తే అక్కడ ఒక చుక్క పైకి పోతోంది.

"ఇంకో వాయి పెట్టు పెద్దమ్మా!" అని అరిచింది నిషిత.

పన్నెండింటికి మిషను వజ్రధార ముక్కలు మళ్లీ కొనేసింది. ఎక్కువకు అమ్మి, తక్కువకు కొన్నది కాబట్టి ఫండుకు లాభమే వచ్చింది. ఏడో అంతస్తులో పెద్ద సార్లు మిషను ముందుచూపును మెచ్చుకుని కేకు కోశారు. శ్రావణ్‌కుమార్ ఒక ముక్క తిని ఊరుకున్నాడు. బొంబాయి వాళ్లు సమ్మెను ఒక్క పూటలో చల్లార్చినందుకు నరసరాజును మెచ్చుకున్నారు. ఆయనా ఊరుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రవళి కాగితం ఆమె చేతికొచ్చింది. గేటు బయటికొచ్చి తల్లికి చూపించబోతే, "నేను నిన్ననే సదివిన," అంది సోమమ్మ, కళ్లు తుడుచుకుంటూ. అప్పుడే నరసరాజు ఇంకో కాగితం పట్టుకుని వచ్చాడు. అది సోమమ్మ పేరు మీద ఉంది. వజ్రధార యాజమాన్యం ఆమె బండికి గేటు పక్కన రేకుల నీడలో శాశ్వతంగా జాగా ఇచ్చింది. కింద ఒకటే షరతు: ఇకమీదట ఏ మొక్కైనా చెల్లించదలచుకుంటే, పదిహేను రోజుల ముందు రాతమూలకంగా తెలియజేయాలి, ఇందుకు ఒప్పుకుంటూ ఈ కాగితం మీద సంబంధిత వారందరూ సంతకం చేయాలి.

ఆదివారం సోమమ్మ ఆ కాగితాన్ని పోచమ్మ దగ్గరికి తీసుకుపోయి, షరతుతో సహా పైకి చదివి వినిపించి, గాలికి పోకుండా పైన రాయి పెట్టి వచ్చింది.

దాని మీద నర్సింహ అంతకుముందే సంతకం చేశాడు, నరసరాజు చేశాడు, శ్రావణ్‌కుమార్ హైదరాబాదు నుంచి వచ్చి మరీ చేశాడు. పోచమ్మ మాత్రం ఇంతవరకు చేయలేదు.